అలుగు కాదు, అలక

నా పాట సినిమాలో పడింది. ఆ సంగతి గుర్తున్నవాళ్లు బాన్సువాడలో ఇప్పటికీ కొందరున్నారు. బజార్లో కనిపిస్తే చాలు, "నీకేంది అక్కా, అదృష్టమంతురాలివి" అంటారు. ఆ మాట వింటే అప్పుడూ నాకు ఒళ్లు మండేది, ఇప్పుడూ మండుతుంది. పాట సినిమాలో పడిందని వాళ్లంటే, బావిలో పడిందన్నట్టే వినిపిస్తుంది నాకు. తీద్దామని ఎనిమిదేళ్లు తిప్పలు పడ్డాను. ఎవరికీ సరిగ్గా చెప్పలేదు, నవ్వుతారని.

మా ఊరు పెద్ద కొడప్‌గల్ పోయే తోవలో ఉంటుంది. మాది నీరటి ఇల్లు. ఊరి చెరువు తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత నీరు పోవాలి, వానలకు కట్ట ఎక్కడ జారుతోంది, ఇవన్నీ చూసుకునే మనిషిని నీరటి అంటారు. మా అయ్య నీరటి. మా దగ్గర తండ్రిని అయ్య అంటాం, తల్లిని అవ్వ అంటాం. చెరువు నిండాక ఎక్కువైన నీరు కట్ట తెంపకుండా పక్క నుంచి దుంకిపోవడానికి రాళ్లతో కట్టిన చోటును అలుగు అంటాం. ఇవి మాకు అన్నం, నీళ్లు లాంటి మాటలు. విడమరచి చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. ఒక్కసారి వచ్చింది. అప్పుడు నేను చెప్పలేదు. నా కథంతా ఇంతే.

అరవై తొమ్మిది వానకాలం. జై తెలంగాణ అని ఆ యేడు బళ్లన్నీ మూతపడ్డాయి. నాకు పదమూడేళ్లు. బడి లేదు కదా అని పక్క ఊళ్లో మేనత్త ఇంటికి పోయి, వాన తెరిపి ఇవ్వక అక్కడే చిక్కుకుపోయాను. మూడు రోజులు కురిసి నాలుగో రోజు పొద్దున మా చెరువు అలుగు దుంకింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన తుమ్మచెట్టు ఒకటి అలుగు మీద అడ్డం పడిందట. నీళ్లు ఆగి కట్ట మీదికి ఎక్కుతాయని దాన్ని జరపడానికి అయ్య దిగాడట. చెట్టు జరిగింది. దానితో పాటు ఆయనా పోయాడు. కట్ట మాత్రం నిలబడింది. ఊరు నిలబడింది. మనిషి కోసం మంజీర దాకా వెతికారు, దొరకలేదు. చివరికి పెద్దమనుషులు పిండితో బొమ్మ చేయించి, చేయాల్సినవన్నీ దానికే చేశారు. అవ్వ ఆ బొమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఏడ్వనూ లేదు. ఆమె ఏడ్వకపోవడం చూసి ఊళ్లో ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

ఆ యేడు నాట్లకు అవ్వ వెంట నేనూ దిగాను. బళ్లు మళ్లీ తెరిచినా నేను పోలేదు. మడిలో వంగి నాటేస్తుంటే ఒక పొద్దు నా నోట్లో నుంచి పాట వచ్చింది. కట్టాలని కట్టలేదు.

అలుగు ఆగదాయె, అయ్య రాడాయె
పొద్దు గూకబట్టె, అయ్య రాడాయె
గొంగడి ఎండిపాయె, అయ్య రాడాయె

అయ్య తడిసి ఆరేసిన గొంగడి దండెం మీదే ఉండిపోయింది. దాన్ని చూసే మూడో వరుస కట్టాను. పక్కన నాటేసే ఆడవాళ్లు ‘అయ్య రాడాయె’ దగ్గర గొంతు కలిపారు. అప్పుడు చూశాను. అవ్వ నారు చేతిలో పట్టుకుని బురదలో అట్లాగే కూర్చుండిపోయి బోరున ఏడ్చింది. అయ్య పోయిన నెల తర్వాత.

అప్పటి నుంచి అది మా ఇద్దరికీ ఒక మొక్కు లాగా అయింది. ఏటా చెరువు అలుగు దుంకిందని తెలిసిన రోజు అవ్వ ముద్ద ముట్టేది కాదు. గడప దగ్గర కూర్చుని, "పాడు బిడ్డ" అనేది. నేను పాడేదాన్ని. ఆమె కడుపునిండా ఏడ్చి, లేచి మొహం కడుక్కుని, అప్పుడు అన్నం తినేది. మిగతా రోజుల్లో అయ్య ఊసే ఎత్తేది కాదు. నేను ఎత్తితే లేచిపోయేది. ఏడాదిలో ఆ ఒక్క పూట, ఆ ఒక్క పాట ఆసరాతో ఆమె తన మొగుడి కోసం ఏడవగలిగేది. పాట లేకుంటే అవ్వ రాయి అయిపోతుందని నాకు భయంగా ఉండేది. అందుకే ఆ పాటను ఇంకెక్కడా పాడేదాన్ని కాదు. మిగతా పాటలు ఎన్ని కట్టానో లెక్క లేదు. నాట్ల పాటలు, పెళ్లి పాటలు, అత్తల మీద ఎకసెక్కాలు, ఏది పడితే అది. ఎవరు అడిగినా పాడేదాన్ని, అడగకపోయినా పాడేదాన్ని. నోరు మూసుకుని ఉండడం నాకు పుట్టుకతోనే రాలేదు.

పదిహేడో యేట నన్ను బాన్సువాడలో మైకు సెట్టు ఆయనకు ఇచ్చారు. పెళ్లిళ్లకు, జాతరలకు హారన్లు కట్టి రికార్డులు వేయడం ఆయన పని. ఇంటి ముందరి గదే దుకాణం. వెనక మూడు దిక్కులా గోడలు. నేను బయటికి పోవాలన్నా, నీళ్లు తేవాలన్నా, ఆ రికార్డుల మధ్య నుంచి, వైర్ల చుట్టల మీద నుంచి దాటుకుంటూ పోవాలి. పెళ్లయిన కొత్తలో అదంతా సంబరంగానే ఉండేది. పొద్దున లేస్తే పాట. కూర తాలింపు పెడుతుంటే పాట. రెండేళ్లకు అవ్వను కూడా తెచ్చి మా దగ్గరే పెట్టుకున్నాం. మా ఆయన చెడ్డమనిషి కాడు. అత్తను ఇంట్లో ఉంచుకోవడానికి ఒక్క మాట అనలేదు. కాకపోతే పాట వినబడకపోతే ఆయనకు ఊపిరాడదు. ఆయన కూర్చున్న చోట ఏదో ఒకటి మోగాల్సిందే.

మా చుట్టుపక్కల కాలువ కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులు ఉండేవి. పొలాలు వాళ్లవీ మావీ పక్కపక్కనే ఉన్నా, మాట మాత్రం వేరుగా ఉండేది. వాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు, మేం వాళ్లను చూసి నవ్వేవాళ్లం. ఒక క్యాంపులో పెళ్లికి మా ఆయన మైకు కడుతూ, "నువ్వు గూడ రా, మంచిగుంటది" అని నన్ను తీసుకుపోయాడు. సరిగ్గా పెళ్లికూతురిని చేసే పూట గ్రామఫోను మోటారు కాలిపోయింది. పెళ్లివారు మొహాలు చిట్లించారు. మా ఆయన మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇజ్జత్ పోయేటట్టుంది, జర పాడు" అన్నాడు.

పాడాను. పెళ్లి పాటలు ఒక గంట సేపు ఆపకుండా పాడాను. కూరలు తరిగేవాళ్లు కత్తిపీటలు ఎత్తుకుని పందిరి దగ్గరికొచ్చి కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన ఉన్నాడు. తెల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలు. పెళ్లికూతురికి మేనమామ వరస. మద్రాసులో సినిమాలకు సంగీతం కట్టే పెద్దాయన దగ్గర పని చేస్తాడట. నేను దిగగానే టేపు రికార్డరు తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇవన్నీ నువ్వే కట్టావా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

ఉన్నాయన్నాను. ఒకటొకటే పాడుతుంటే ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నేను పాడితే నవ్వినవాళ్లు ఉన్నారు, చప్పట్లు కొట్టినవాళ్లు ఉన్నారు. అట్లా కళ్లు మూసుకుని విన్నవాళ్లు అంతకుముందు లేరు. నాకు ఒళ్లు తెలియలేదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచిది వినిపించాలనిపించింది. అదే నా పాపం. పెళ్లింట్లో కూర్చుని, చచ్చిపోయిన అయ్య మీద కట్టిన పాట ఎత్తుకున్నాను.

పాట అయిపోయాక ఆయన టేపు ఆపాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అలుగు అంటే అలకే కదమ్మా? మీ యాసలో అట్లా పలుకుతారా?"

రెండు గజాల దూరంలో పీట మీద కూర్చున్న పిల్లకు పసుపు రాస్తున్నారు. వాళ్ల అమ్మ, నాయనమ్మ మా వైపే చెవులు పెట్టి ఉన్నారు. అలుగు అంటే చెరువు అలుగు అనీ, అయ్య అంటే మొగుడు కాదు తండ్రి అనీ, ఆయన నీళ్లలో పోయాడనీ చెప్పాలి. శుభమా అని పెళ్లికూతురిని చేస్తుంటే, చావు పాట పాడానని ఒప్పుకోవాలి. చెప్పానా, ఆ ఆడవాళ్లు నా మొహాన దుమ్మెత్తి పోస్తారు. మా ఆయన మైకు ఆ క్యాంపు గడప మళ్లీ తొక్కదు.

"ఆఁ సార్, గదే" అన్నాను.

"మొగుడు అలిగి ఇంటికి రావట్లేదు, అంతేనా?"

"అంతే సార్."

ఆయన ఎంత సంతోషపడ్డాడో. "ఎంత ముచ్చటగా ఉందమ్మా" అని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. వంకరగా తలకిందులుగా చూస్తే కనిపించింది, ‘అలక ఆగదాయె’ అని. పల్లెటూరి నోట్లో మాట చెడిందనుకుని, సున్నితంగా సరిచేసి మరీ రాసుకున్నాడు. అబద్ధమాడానని అప్పుడు అనిపించలేదు. గండం గట్టెక్కిందనే అనిపించింది. వాళ్లు పెట్టిన చీర తీసుకుని ఇంటికొచ్చాను.

రెండేళ్ల తర్వాత మా ఆయన నిజామాబాద్ నుంచి ఒక రికార్డు తెచ్చాడు. బస్టాండు నుంచి ఇంటి దాకా పరుగెత్తుకుంటూ వచ్చాడు కాబోలు, రొప్పుతున్నాడు. "కండ్లు మూసుకో" అన్నాడు. సూది పెట్టాడు. ముందు డప్పులు, తర్వాత ఈలలు, ఆ తర్వాత ఎవరో తీయటి గొంతు అమ్మాయి ‘అలక ఆగదాయె, అయ్య రాడాయె’ అని పాడింది. వరస నాదే. ఒక్క సన్న మెలిక కూడా పోలేదు. కాకపోతే నేను ఆగిన చోటల్లా ఆమె నవ్వింది. గొంగడి వరుస వచ్చేసరికి ఆమె, ఆయన ఒకే గొంగడిలో దూరారు. రెండో చరణంలో బుగ్గ గిల్లితే అయ్య నవ్వాడు. మా ఆయన దాన్ని మళ్లీ మొదటికి పెట్టాడు. మళ్లీ పెట్టాడు. దుకాణం ముందు జనం మూగారు. ఒక పక్క గర్వం కూడా ఉండింది, లేదంటే అబద్ధం. నా వరస మద్రాసు దాకా పోయి వచ్చింది. ఇంకో పక్క ఆ సూది ఎత్తేయాలనిపించింది.

వెనక్కి తిరిగి చూస్తే అవ్వ గది తలుపు దగ్గర నిలబడి ఉంది.

సినిమా టాకీసుకు వచ్చిన రోజు మా ఆయన అందరినీ తీసుకుపోయాడు. అవ్వ రానంటే వినలేదు, "బిడ్డ పాట సూడవా" అని చేయి పట్టుకుని లేపాడు. పాట వచ్చింది. పచ్చ చీర కట్టుకున్న హీరోయిన్ చెరుకుగడ పట్టుకుని హీరో వెంట పడుతుంది. అతను మూతి ముడుచుకుని చెరుకుతోటలో దాక్కుంటాడు. హాలంతా ఈలలు. అవ్వ లేచింది. వరసలో కూర్చున్నవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ బయటికి నడిచింది. వెంట పోయాను. టాకీసు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "అవ్వా, గది మన పాట కాదు, వాళ్లు ఖరాబు చేసిండ్రు" అన్నాను. ఆమె నా మొహం చూడలేదు. "ఇంటికి పోదాం పా" అంది అంతే.

ఆ వానకాలం అలుగు దుంకింది. మా ఊరి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. నేను గడప దగ్గర కూర్చుని ఎదురుచూశాను. అవ్వ వచ్చింది, కంచం పెట్టుకుంది, అన్నం తిన్నది. పాడమని అడగలేదు. "పాడన్నా అవ్వా?" అన్నాను. "ఒద్దు" అంది.

ఇగ అక్కడి నుంచి మొదలైంది. ఎక్కడికి పోయినా అదే పాట. పెళ్లికి పోతే అదే, ఓట్ల మీటింగుకు ముందు జనాన్ని కూర్చోబెట్టడానికి అదే, బస్టాండు హోటల్లో రేడియోలో అదే. అన్నిటికీ మించి, మా ఇంటి ముందర గదిలో అదే. రికార్డు అడిగేవాళ్లకు ‘మా ఇంటామె కట్టిన పాట’ అని మా ఆయన చెప్పకుండా ఉండలేడు. పాట మొదలు కాగానే అవ్వ వెనక గోడ దగ్గరికి పోయి చెవుల మీద కొంగు బిగించుకునేది. నేను పోయి సూది ఎత్తేసేదాన్ని. ఒకసారి రికార్డును రాయి మీద కొట్టి పగలగొట్టాను. మా ఆయన కోప్పడలేదు. మర్నాడు ఇంకోటి తెచ్చాడు. "నీ పాట నువ్వే ఇనవా? గిదేం తిక్క?" అన్నాడు, బాధగా. ఆయనకు పాట సంగతి చెప్పాను. అంతా విని, తల గోక్కుని, "అలుగైతేంది, అలకైతేంది, వరస నీదే గదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

మద్రాసాయనకు ఉత్తరం రాయించాను. అలుగు అంటే ఇది, అయ్య అంటే ఇది అని పూసగుచ్చినట్టు చెప్పి, తప్పు దిద్దమన్నాను. జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా రాశాడు. చాలా బాధపడ్డానన్నాడు. జనం నోట్లో పడ్డాక ఇక మార్చడం తన చేతుల్లో లేదన్నాడు. చివర్లో ఒక వాక్యం రాశాడు. "ఆ రోజు నేను అడిగితే నువ్వే కదమ్మా అవునన్నావు." ఆ వాక్యం మీద నాకు కోపం రావాలి కదా, రాలేదు. ఉత్తరం మడిచి బియ్యం డబ్బాలో పెట్టాను. కింద ఇంకా కొన్ని పాటలు పంపమని కూడా ఉంది. పంపాను. రెండు నాట్ల పాటలు ఇంకో సినిమాలో వాడుకున్నారు. వాటికి మాటా మార్చలేదు, తాళమూ మార్చలేదు. వాటిని ఒక్కరూ పట్టించుకోలేదు.

ఒక యేడు మా వాడకట్టు గణపతి మంటపం దగ్గర నన్ను పాడమన్నారు. సినిమా పాటే పాడాలన్నారు. సరే అన్నాను, మనసులో వేరే పెట్టుకున్నాను. మైకు ముందు నిలబడి, నిమ్మళంగా, డప్పు లేకుండా, ‘అలుగు ఆగదాయె’ అని ఎత్తుకున్నాను. ఒక్కసారి మా వాళ్లు, చెరువుల కింద పుట్టి పెరిగినవాళ్లు, అసలు పాట వింటే చాలు, వాళ్లకు అర్థమవుతుందనుకున్నాను. రెండో వరుసకే గోల మొదలైంది. "అక్కా, తప్పు పాడుతున్నవ్! అలుగు కాదు, అలక!" అని ముందున్న పడుచువాళ్లు అరిచారు. పక్కన కుర్చీలో కూర్చున్న హెడ్మాస్టరు లేచి వచ్చి, నా చెవిలో, "తొందరపడకమ్మా, మర్చిపోయినట్టున్నవ్. అలక" అన్నాడు. నా పాట నాకే అప్పజెప్పించుకున్నారు. ఏం చేయను? ‘అలక’ అనే పాడాను. నవ్వాల్సిన చోట నవ్వాను కూడా. చప్పట్లు మోగాయి. అప్పటి నుంచి ఎవరు అడిగినా అట్లాగే పాడాను. వద్దంటే ‘పొగరు’ అంటారు. పాడితే అవ్వ వెనక గోడ దగ్గర ఉంటుంది. ఎటు పోయినా తోవ లేదు.

అవ్వ ఏడవక ఎనిమిదేళ్లయింది. నేను వాటిని ఒక్కొక్క వానకాలంగా గుర్తుపెట్టుకున్నాను. మనిషి సన్నబడింది. మాటలు తగ్గాయి. నేను తన పాటను అమ్ముకున్నానని కోపమనుకున్నాను. అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగితే అవునంటుందేమోనని.

ఎనభైల నడుమ ఒక వానకాలం ఆమెకు ఆయాసం ఎక్కువై బాన్సువాడ దవాఖానలో పెట్టాం. వారం దాటింది. డాక్టరు నాతో మాట్లాడేటప్పుడు నా కళ్లలోకి చూడడం మానేశాడు. ఒక మధ్యాహ్నం మా ఊరి మనిషి ఒకాయన పక్క మంచం మీది చుట్టాన్ని చూడవచ్చి, మమ్మల్ని గుర్తుపట్టి, "చెరువు నిండింది వదినా, పొద్దుగాల్ల అలుగు దుంకింది" అని చెప్పి పోయాడు. అవ్వ కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. కాసేపటికి అటు వైపు నుంచే అంది.

"పాడు బిడ్డ."

సరిగ్గా విన్నానా అనుకున్నాను. ఎనిమిదేళ్లకు అడిగింది. మంచం పట్టె మీద కూర్చుని, ఆమె చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకుండా, ‘అలుగు’ అన్న మాటను గట్టిగా పట్టుకుని, ఆ మాట జారిపోతుందేమోనని భయపడుతూ ఎత్తుకున్నాను.

"అలుగు ఆగదాయె..."

అవ్వ చేయి అడ్డంగా ఊపింది. "గట్ల గాదు. సీన్మల ఉన్నట్టు పాడు."

నాకు అర్థం కాలేదు. "నీకు గది ఇష్టం లేదు గద అవ్వా? టాకీసుల కెళ్లి లేసి పోతివి."

"ఇష్టం లేక పోలే." ఆయాసం వచ్చి ఆగింది. నీళ్లు పట్టాను. రెండు గుక్కలు తాగింది. "గా పిల్ల అంతమంది ముందట చెప్పబట్టె, అలిగిండు, వస్తలేడు అని. గీమె కెట్ల ఎరుక అనుకున్న. దొరికిపోయిన అనుకున్న."

"ఏం ఎరుక అవ్వా?"

"ఆ పొద్దు మీ అయ్య నాతోని అలిగే పోయిండు. మూడొద్దుల సంది ఇల్లు కురుస్తుంటే కప్పు ఎక్కి సూడడు, చెరువు కాడనే ఉంటడు. జొన్న గటక పోసి ముందట పెట్టిన. పెట్టుకుంట అన్న, గా చెరువునే కట్టుకోని ఉండు, ఇగ ఇంటికి రాకు అని. గిన్నె జరిపి లేసిండు. గొంగడి గూడ తీస్కోలే." కిటికీ ఊచల వైపే చూస్తూ అంది. "రాకు అన్న. రాలే."

నేను నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"ఎవ్వలకు చెప్పలే. నువ్వు కట్టిన పాట మంచిగనే ఉంటుండె. నీళ్లు తీస్కపోయినయ్ అని పాడుతుంటివి. నేను గూడ గట్లనే ఏడుస్తుంటి. నీళ్లు తీస్కపోలే బిడ్డ." మళ్లీ ఆయాసం. నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో అంత బలం ఎక్కడిదో. "పాడు. సీన్మల ఉన్నట్టు పాడు, ఒక్కపారి."

ఎనిమిదేళ్లు నేను ఎవరితో కొట్లాడానో, ఏ మాట కోసం రికార్డులు పగలగొట్టానో, అదంతా నా కళ్ల ముందు కుప్పకూలింది. ఎత్తుకున్నాను. ‘అలక ఆగదాయె, అయ్య రాడాయె’ అని డప్పు తాళానికి సరిపోయేటట్టు, నవ్వాల్సిన చోట నవ్వి, అచ్చం సినిమాలో ఉన్నట్టు పాడాను. ఎదురు మంచం దగ్గరి ఆడమనిషి తల ఎత్తింది. "అరే, గది సీన్మ పాట గాదు?" అని మొహం విచ్చుకుంది. చప్పట్లు మొదలుపెట్టింది. కాలికి కట్టుతో పడుకున్న ముసలాయన మంచం ఇనుప పట్టె మీద వేళ్లతో తాళం వేశాడు. ‘అయ్య రాడాయె’ దగ్గర వార్డంతా గొంతు కలిపింది. నర్సమ్మ కూడా తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ చూసింది. వాళ్లకు దవాఖానలో ఇంత ఆటవిడుపు ఎన్నాళ్లకు దొరికిందో.

అవ్వ గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఒళ్లంతా కదిలిపోతోంది. ఆపితే ఆ ఏడుపు వార్డంతా వినబడుతుంది. గొంతు ఇంకాస్త పెంచి, బుగ్గ గిల్లే రెండో చరణం ఎత్తుకున్నాను.